డాక్టరు గారి తెల్లనోట్లు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా రెండు కళ్ల మీద ఒట్టు. మా అమ్మ మీద ఒట్టు. చాలకపోతే ఈ బల్ల మీది దీపం మీద ఒట్టు. నన్ను ఎరిగినవాళ్లు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. నేను ఎన్ని ఒట్లు పెడితే అబద్ధం అంత పెద్దదని మా న్యూజెర్సీ స్నేహితుల్లో ఒక లెక్క ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు రాస్తున్నాను.

పదేళ్లుగా ఒక కవరు మోస్తున్నాను. తూకం వేస్తే ఔన్సు కూడా ఉండదు. ఇల్లు మారినప్పుడు సోఫాలూ మంచాలూ ట్రక్కువాళ్లకి వదిలేసి, ఆ కవరున్న బిస్కట్ల డబ్బాని మాత్రం కార్‌లో నా పక్కసీట్లో పెట్టి తెచ్చుకున్నాను. డబ్బాలో నా జర్మన్ నోట్లు ఉన్నాయని మా ఆవిడ అనుకుంటుంది. ఉన్నాయి కూడా. వాటి అడుగున ఆ కవరుంది. అది నాది కాదు.

పేరు చెప్పను. వయసు నలభై ఎనిమిది. బాయిలర్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుని. ఆదివారం భోజనాల్లో కోతలు కోయడం నా రెండో ఉద్యోగం. జీతం లేదు గానీ పేరు బాగా వచ్చింది. డెబ్బైల్లో ఐసెలిన్ చుట్టుపక్కల మేము పది పన్నెండు తెలుగు కుటుంబాలం. ఎవరింట్లో భోజనమైనా పెరుగన్నం దాకా వచ్చేసరికి, "ఏదీ, ఇవాళ కొత్తది చెప్పు," అని నా వైపు తిరిగేవారు. నేను చెప్పేవాణ్ణి. దానివల్ల ఎవరికీ నష్టం లేదనుకునేవాణ్ణి. నిజంగా అనుకున్నానా? ఏమో. అప్పట్లో ఆ ప్రశ్న వేసుకున్న గుర్తు లేదు.

ఒకసారి ఫ్లీ మార్కెట్‌లో చెప్పుల పెట్టెడు పాత జర్మన్ నోట్లు మూడు డాలర్లకి కొన్నాను. ఇరవైల్లో అక్కడ ధరలు వెర్రెత్తి పెరిగినప్పుడు అచ్చేసినవి. ఒక్కొక్కటీ పది లక్షల మార్కులు. ఆ వారం నా కోత ఏమిటంటే, జర్మన్ ప్రభుత్వం ఆ నోట్లన్నిటికీ మళ్లీ డబ్బు ఇవ్వబోతోందనీ, నేను అప్లికేషన్ పెట్టాననీ, డబ్బు రాగానే ఓక్ ట్రీ రోడ్డు ఒకవైపంతా కొనేస్తాననీ. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆ రోజు నుంచి వాళ్లకి నేను మిలియన్ అంకుల్ అయ్యాను.

డాక్టరు గారు మాత్రం ఒక నోటు తీసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, రెండు వైపులా తిప్పి చూశారు. మా అందరిలో పెద్దాయన ఆయన. యాభైల్లో ఇంగ్లండు ఆసుపత్రుల్లో పనిచేసి, తర్వాత ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఏ మాటైనా తూచినట్టు మాట్లాడేవారు. "ఏమోయ్, ఇది పుట్టిన ఏడాదే చచ్చిపోయింది. కొత్త డబ్బు వచ్చినప్పుడు ఇలాంటివి బండెడిచ్చినా ఒక్క చిల్లర నాణెం రాలేదు. నీ కోటికి టీ కూడా రాదు," అన్నారు. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా కోత ఎవరూ నమ్మరని నాకు తెలుసు. నమ్మకపోవడం వేరు, పెద్దమనిషి నోటు తిప్పి చూపించి తేల్చెయ్యడం వేరు. ఆ నవ్వు నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎంత చిన్న ముల్లో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన దగ్గరా పాతనోట్లు ఉండేవి. ఇంగ్లండువి, ఐదేసి పౌన్లవి. మీరు చూసి ఉండరు. చేతిరుమాలంత తెల్ల కాగితం. ఒకవైపే నల్ల సిరాతో అచ్చు, వెనకాల పూర్తిగా ఖాళీ. నోటులా ఉండదు, పెళ్లి శుభలేఖలా ఉంటుంది. ఇది తెచ్చినవాడు అడిగిన వెంటనే ఐదు పౌన్లు ఇస్తానని మాట ఇస్తున్నాను, అని దాని మీద రాసి ఉంటుంది. అరవైల మొదట్లో వాటిని బజారు నుంచి తీసేశారు. డాక్టరు గారు అంతకుముందే, చేతిలో డబ్బాడని రోజుల్లోనే, భార్యకి బంగారు గొలుసు కొనడానికి ఆరు నోట్లు దాచారు. ఏవో కారణాల వల్ల ఆ గొలుసు అప్పుడు కొనలేదు. తర్వాత అమెరికాలో ఆవిడకి గొలుసులూ గాజులూ చాలా కొన్నారు. ఆ నోట్లు మాత్రం అలాగే ఉంచారు. అది వాళ్లిద్దరి మధ్య ఒక వేళాకోళం. ఏదైనా మాటా మాటా వస్తే, "నీ గొలుసు కవర్లో ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేయిస్తా," అనేవారు. ఆవిడని మేమంతా వదినగారు అనేవాళ్లం.

ఇక అమ్మవారి సంగతి చెప్పాలి. అప్పటికి మాకు దగ్గర్లో గుడి లేదు. దసరాల్లో మాలో ఒకరైన సుభద్ర గారింటి బేస్‌మెంట్‌లో పూజ. పింగ్‌పాంగ్ బల్ల మీద పట్టుచీర పరిచి అమ్మవారిని పెట్టేవారు. ఒకరోజు ధనలక్ష్మి అలంకారం. తలా కొన్ని నోట్లు తెచ్చేవాళ్లం. డాలర్ నోట్లు మడతలు పెట్టి దండ గుచ్చేవారు. డాక్టరు గారి తెల్లనోట్లు విసనకర్రలా పరిచి అమ్మవారి తల వెనకాల నిలబెట్టేవారు. ఆ పచ్చ దండకీ ఈ తెల్లదనానికీ చూడముచ్చటగా ఉండేది. పూజయ్యాక ప్రతి నోటుకీ కుంకం బొట్టు పెట్టి ఎవరివి వాళ్లకి ఇచ్చేసేవారు. మా డాలర్ల మీది బొట్టు పర్సులో అరిగిపోయేది. ఆ తెల్లనోట్ల వెనక ఖాళీలో మాత్రం ఏడాదికొకటి చొప్పున నిలిచిపోయింది. నేను కూడా ఏటా నా జర్మన్ నోట్లు పది తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టేవాణ్ణి. అమ్మవారికి కోటి సమర్పించిన మొనగాణ్ణి న్యూజెర్సీ మొత్తానికి నేనొక్కణ్ణే అని చెప్పుకోవడానికి.

డెబ్బై ఎనిమిది వసంతంలో డాక్టరు గారు పోయారు. గుండెపోటు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చివరి రోజు వదినగారితో రెండు మాటలు చెప్పారట. గొలుసు కవరు జాగ్రత్త, అది ఎప్పటికీ చెల్లుతుంది. ఇల్లు అమ్మేయకు, నువ్వు ఒక్కదానివీ నడుపుకోగలవు. ఆవిడ ఈ రెండు మాటలూ పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది. నాకు మూడుసార్లు చెప్పింది. అవి పట్టుకునే లేచి తిరిగింది. డ్రైవింగ్ నేర్చుకుంది. పక్క ఊరి లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనికి కుదిరింది.

ఆ ఏడాది దసరాలకి ఆవిడ వస్తుందో రాదో అనుకున్నాం. వచ్చింది. కవరు తెచ్చింది.

అదే ఏడాది మొదట్లో ఇండియాలో పెద్దనోట్లు రద్దు చేశారు. మాలో అందరికీ ఎవరో ఒక బంధువు ఆ దెబ్బ తిన్నాడు. దాంతో మా బుర్రల్లో ఒక సంగతి స్థిరపడిపోయింది. సర్కారు ఒక నోటు తీసేసిందంటే అది శవం. ఏ దేశంలోనైనా అంతే. ఇందులో తేడాలు ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

"ఈసారి చెల్లే డబ్బే పెడదామండీ," అంది సుభద్ర గారు, దండ గుచ్చుతూ. "మా బావగారు వెయ్యినోట్ల కట్ట ముందేసుకుని కూలబడ్డాడట. చచ్చిన డబ్బు అమ్మవారికి పెట్టి మనం ఏం బాగుపడతాం? మీ జర్మనీ కోట్లు మీరే ఉంచుకోండి బాబూ."

"మన కోటీశ్వరుడు ఐపీ పెట్టాడర్రా," అన్నారెవరో.

అందరూ నవ్వారు. నేను పది నోట్లూ ఏరుకుని జేబులో పెట్టుకున్నాను. అప్పుడు చూశాను, వదినగారు కవరు సగం తెరిచి ఆగిపోయింది.

"మరి ఇవో? ఆరుండేవి, ఒకటి ఎక్కడ పడిపోయిందో ఏమో. ఐదున్నాయి. ఇవీ పెట్టకూడదా?" అంది. సుభద్ర గారు మళ్లీ దండ గుచ్చడంలో పడింది. వదినగారు నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవయ్యా. పాతనోట్ల సంగతి మా అందరికంటే నీకు తెలుసు. ఇవి చెల్లుతాయా?"

"చెల్లవు వదినా."

"ఎప్పటికీ చెల్లుతాయన్నారే ఆయన."

"అన్నయ్యగారు ఆ రోజుల్లోనే ఉండిపోయారు. వాటిని ఎప్పుడో తీసేశారు. నావెంతో అవీ అంతే. చిత్తుకాగితాలు."

ఆవిడ నోటు తిప్పి వెనకాల బొట్లు చూసుకుంది. "అయితే ఇన్నేళ్లూ అమ్మవారి తల వెనక చిత్తుకాగితాలు పెట్టామా?"

"తెలియక పెట్టారు. తెలియక చేసినదానికి దోషం లేదు."

ఆ మాట కూడా నేనే అన్నాను. దోషం ఉందో లేదో తేల్చడానికి నేనెవర్ని?

ఆవిడ కవరు మూసి నా చేతిలో పెట్టింది. "నీ డబ్బాలో వేసుకో. నా కళ్ల ముందుంటే బాధగా ఉంటుంది," అంది. తర్వాత పర్సులోంచి ఒక ఐదు డాలర్ల నోటు తీసి సుభద్ర గారికి ఇచ్చి, చివరి వరసలో కూర్చుంది. ఆ ఏడాది అమ్మవారి తల వెనక ఏమీ లేదు. వెనక గోడ కనిపించింది, చెక్క పేనెలింగు.

ఎందుకన్నాను ఆ మాట? నాకు ఆ నోట్ల సంగతి నిజంగా తెలియదు. తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు. ఇరవై మంది చూస్తుండగా, నేను ఎన్నాళ్లుగానో వేసుకు తిరుగుతున్న వేషాన్ని నమ్మి ఒక మనిషి అడిగితే, ఆ వేషంలోనే జవాబు చెప్పాను. దానికి తోడు జేబులో నా పది నోట్లు ఉన్నాయి. నావి చచ్చినవైతే ఆయనవీ చచ్చినవే కావాలనిపించింది. ఆయన ఉంటే నోటు తిప్పి చూపించేవారు. ఆయన లేరు. ఇన్ని కారణాలు చెబుతున్నాను గానీ, నోరు తెరవడానికీ మాట రావడానికీ మధ్య ఇన్ని ఆలోచనలు పట్టేంత జాగా ఉందా?

ఇరవై ఐదు పౌన్లు. డబ్బుగా చూస్తే ఒక కుటుంబం రెండుసార్లు హోటల్లో భోంచేస్తే అయిపోతుంది. డబ్బుతోనే పోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు. కొన్నాళ్లకి ఆవిడ మా ఇంటికి వచ్చి మా ఆవిడతో అంది, "ఆయన చెప్పినవన్నీ ఆ నోట్లలాంటివేనేమోనే. పాతకాలం మనిషి, పాతకాలం ధైర్యం. ఇంటి సంగతి కూడా అలాగే చెప్పి ఉంటారు." నేను పక్కగదిలో టీవీ చూస్తున్నాను. అప్పుడు లేచి రెండడుగులు వేస్తే సరిపోయేది. సౌండు కొంచెం పెంచాను.

మరుసటి వసంతానికి ఇల్లు అమ్మేసింది. లైబ్రరీ పని మానేసి, డాలస్ దగ్గర కొడుకింటికి వెళ్లిపోయింది. కొడుకు మంచివాడు. కోడలూ మంచిదే. ఆవిడకి అక్కడ ఒక గది ఉంది, గదికి టీవీ ఉంది. కారు లేదు. అవసరం ఏముంది అమ్మా, మేం తీసుకెళ్తాం కదా, అన్నారట. అక్కడ ఆవిడకి కష్టం ఏమైనా ఉందా అంటే చెప్పలేను. కానీ ఇక్కడ ఒక మనిషి ఒంటరిగా కారు తోలుకుంటూ పనికి వెళ్లేది. అది ఆగిపోయింది. ఆపింది నా ఒక్క మాటేనా అంటే, అదీ చెప్పలేను. కాదని చెప్పడానికి మాత్రం నోరు రాదు.

ఎనభైల మధ్యలో కంపెనీ పని మీద నన్ను లండన్ పంపారు. ఒక పూట ఖాళీ దొరికింది. ఒక తెల్లనోటు తీసుకెళ్లాను. దాన్ని అచ్చేసిన బాంకుకే వెళ్లాను. గుమ్మం దగ్గర గులాబిరంగు కోటు, నెత్తిన పొడుగు టోపీ వేసుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. మన సంస్థానాల్లో దివాణం జవానులా. లోపల కౌంటరు దగ్గర ఒక ముసలి గుమాస్తా. కళ్లద్దాలు ముక్కు చివర. నోటు అందుకుని వెలుగుకి ఎత్తి చూశాడు. వెనక్కి తిప్పి, ఈ ఎర్రచుక్కలు ఏమిటని అడిగాడు. మా ఇంటి దేవత సంతకాలు అన్నాను. అతను నవ్వలేదు. ఆ సంతకాలు మాకు అక్కర్లేదు, మా సంతకం ఉంటే చాలు అన్నాడు. ఒక ముద్ర కొట్టి, కొత్త ఐదు పౌన్ల నోటు నా ముందు పెట్టాడు. ఎన్నాళ్లవరకూ ఇలా ఇస్తారని అడిగాను. కాలపరిమితి లేదండీ, మాట ఇచ్చాం కదా, అన్నాడు. బయటికి వచ్చి టీ తాగాను. అలా నాకు నిజం తెలిసింది.

తర్వాత మా ఊళ్లో పాతనోట్లు సేకరించేవాళ్ల షోలో ఒక వ్యాపారికి మిగతా వాటిలో ఒకటి చూపించాను. మంచి నోటుకైతే కాగితం మీదున్న విలువకి ఎన్నో రెట్లు ఇస్తారన్నాడు. బొట్లున్నాయి కనుక తగ్గుతుందట. తగ్గినా చాలా ఎక్కువే. అమ్మలేదు. అది నా గొప్పతనం అనుకోకండి. ఎవరి చేతుల్లోకైనా వెళ్తే, అవి చెల్లుతాయని ఇంకొకరికి తెలిసిపోతుంది.

డాలస్‌కి ఒక్కసారి ఫోన్ చేశాను. చెప్పేద్దామనే చేశాను. ఆవిడే తీసింది. "ఏమయ్యా కోటీశ్వరుడా, ఎక్కడ మాయమైపోయావు?" అంది. నేను నోరు తెరిస్తే కోత వచ్చింది. మా పక్కింటాయన కుక్కకి తెలుగు నేర్పాననీ, అది ఇప్పుడు చందాలకి వచ్చేవాళ్లని పేరుపేరునా తిడుతోందనీ చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత అడిగింది, ఆ కాగితాలు ఇంకా ఉన్నాయా అని. ఎక్కడో ఉన్నాయి వదినా, అన్నాను.

"పారేయకు. పనికిరాకపోయినా ఆయన చేత్తో దాచినవి," అంది.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఇంతకంటే మంచి సందు ఏ అబద్ధాలకోరుకీ దొరకదు. చెప్పలేదు. చెబితే నమ్మేదా? నిజం చెప్పడానికి కూడా కాస్త పరపతి కావాలి, నేను దాన్ని ఆదివారం భోజనాల్లో ఖర్చుపెట్టేసుకున్నాను అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. వినడానికి బాగుంది. నా వాక్యాలు ఎప్పుడూ వినడానికి బాగానే ఉంటాయి.

మొదట పెట్టిన ఒట్లు మీకు గుర్తున్నాయి కదా. ఇక వాటి సంగతి చూడాలి. ఇందులో ఒక ముక్క నేను అల్లినది.

నేను లండన్ వెళ్లలేదు. ఎప్పుడూ వెళ్లలేదు. కంపెనీ నన్ను ఒహాయో దాటి పంపలేదు. ఆ గులాబిరంగు కోటూ, ముక్కు చివర కళ్లద్దాలూ, దేవత సంతకాలన్న మాటా, కాలపరిమితి లేదన్న జవాబూ అన్నీ డాక్టరు గారివి. ఆయన పోవడానికి రెండేళ్ల ముందు ఏదో కాన్ఫరెన్సుకి లండన్ వెళ్లారు. తిరిగొస్తే ఎయిర్‌పోర్ట్ నుంచి నేనే ఇంటికి తీసుకొచ్చాను. కార్‌లో చెప్పారు. ఆరింట్లో ఒకటి పట్టుకెళ్లి మార్చి చూశాననీ, అలాగే ఇచ్చారనీ. "మీ వదినకి చెప్పకోయ్. గొలుసులోంచి ఒక లింకు ఊడదీశారా అంటుంది. ఎక్కడో పడిపోయిందనుకోనీ," అని నవ్వారు. ఎప్పుడూ తూచి మాట్లాడే మనిషి ఆడిన ఒకే ఒక్క దొంగాట అది. దాన్ని దాచమని ఇచ్చింది నాకు.

కాబట్టి ఆ బేస్‌మెంట్‌లో వదినగారు అడిగినప్పుడు నాకు తెలుసు. చెల్లుతాయని ఆ గదిలోనే కాదు, అమెరికా మొత్తంలో తెలిసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆయన మాటకి మిగిలిన సాక్షి నేను. తెలియక అన్నానని పైన రాశాను. కొన్నేళ్లుగా ఆ లండన్ ప్రయాణాన్ని నాకు నేనే చెప్పుకున్నాను, ఒక్కోసారి ఆ టీ రుచి కూడా తెలిసేది. తెలియనివాడి తప్పు తెలిసినవాడి తప్పు కంటే మోయడానికి తేలిక. అందుకే అల్లాను. మిగతాదంతా నిజం. ఈసారి ఒట్టు పెట్టను.

ఈ కాగితం డాలస్ పంపుతానో లేదో నాకు తెలియదు. తెలియదు అనే మాట రాశాను, చూశారా. ఇందాక డబ్బా దించి, జర్మన్ కోట్లు పక్కన పెట్టి, కవరు తెరిచాను. నేను మార్చింది ఏదీ లేదు కనుక ఐదూ ఉన్నాయి. వెనకాల బొట్లు కొంచెం గోధుమరంగుకి తిరిగాయి.

చెల్లుతాయి వదినా.